రెండు కుట్ల గాలిసంచి

ఆవిడ కుట్టింది చిరగదు. అదే ఆవిడ గొప్ప, చివరికి అదే ఆవిడ మీదికొచ్చింది.

మిషను మీద ఏ బట్ట పెట్టినా ఒక కుట్టు వేసి, వెంట్రుకవాసి దూరంలో దాని పక్కనే ఇంకొకటి వేసేది. అందుకే ఊరందరికీ ఆవిడ రెండుకుట్లమ్మ. "నీచేత కుట్టించుకుంటే లాగు ముందు పోదమ్మా, మనిషే ముందు పోతాడు" అని ముసలివాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆవిడ పళ్ళ మధ్య సూది జారకుండా నవ్వేది.

ఊరి చివర చిన్న విమానాలు దిగే మైదానం ఉంది. దాని బాగోగులు చూసేది ఆవిడ మరిది. అక్కడ పొడుగాటి స్తంభానికి నారింజరంగు బట్ట గొట్టం ఒకటి వేలాడుతుంది. గాలి నిండితే లేచి నిలబడుతుంది, గాలి లేకపోతే వాలిపోతుంది. దిగబోయే పైలట్లు పైనుంచి దాన్ని చూసే గాలి ఎటు వీస్తోందో, ఎంత వీస్తోందో తెలుసుకుంటారు. అక్కడివాళ్ళు దాన్ని గాలిసంచి అంటారు. ఏళ్ళ తరబడి దాన్ని కుట్టేది రెండుకుట్లమ్మే. ఎంత కుట్టినా ఎండకూ వానకూ నాలుగు నెలల్లో పీలికలయ్యేది.

"ఏం వదినా, నీ కుట్టు కూడా చిరుగుతుందా?" అన్నాడు మరిది ఒకసారి, నవ్వులాటకే.

ఆ మాట ముల్లులా దిగింది. ఈసారి పలచటి బట్ట పక్కన పెట్టేసి, లారీల మీద కప్పే మందపాటి గుడ్డ తెచ్చింది. అంచు మడతపెట్టి, రెండు కుట్లు చాలవన్నట్టు మూడు వేసింది. "ఇది నా తరవాత కూడా ఉంటుంది, చూడు" అంది.

రెండు నెలలు గడిచాయి. రాత్రంతా వాన కురిసి వెలిసిన ఒక పొద్దున, విమానం నడపడం నేర్పే కెప్టెన్ ఒక్కడే చిన్న విమానాన్ని దించాడు. అది ఆగాల్సిన చోట ఆగలేదు. రన్‌వే దాటి, కంచె తెంచుకుని, గుంటలో ముక్కు పెట్టింది. కెప్టెన్ చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది.

విచారణ అధికారి వచ్చాడు. ఆయన గదిలో జరిగిన మాటలు మరిది సాయంత్రం ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పాడు.

"గాలి వెనకనుంచి తోస్తుంటే దిగావు, అందుకే ఆగలేదు, గాలిసంచి చూడలేదా అన్నాడు ఆయన. చూశాను సార్, వేలాడుతోంది, గాలే లేదనుకున్నా అన్నాడు కెప్టెన్. ఆ పొద్దున గాలి బాగానే ఉందని పక్క ఊరి వాతావరణ కేంద్రం లెక్కలున్నాయట. ఇంకేముంది వదినా, లైసెన్సు పోయినట్టే. పాతికేళ్ళుగా కెప్టెన్‌కు తెలిసిన పని అదొక్కటే."

మిషను మీద ఆవిడ కాలు ఆగిపోయింది.

"ఆ పొద్దున సంచి తడిసి ఉందా?"

"వాన పడితే తడవదా మరి?"

ఆవిడ లేచి, మిగిలిన మందపాటి గుడ్డముక్కనూ పాత పలచటి ముక్కనూ బకెట్లో ముంచి తీసింది. పలచటిది రెండు విదిలింపులకే తేలికైపోయింది. నీళ్ళు తాగిన మందపాటిది, చేతుల్లో నిద్రపోయిన పసిపిల్లలా బరువెక్కింది.

"ఆయన అబద్ధం చెప్పలేదయ్యా. గాలి ఉంది. నా గుడ్డే లేవలేదు."

"ఊరుకో వదినా. నిన్నెవరూ అడగలేదు. అడక్కుండానే మెడ చాపుతావా? పనీ పోతుంది, పేరూ పోతుంది."

"పేరంటే ఏముందయ్యా, రెండు కుట్లేగా. కుట్టినదాన్ని, విప్పుకోవడం రాదా?"

మర్నాడు అతుకులు వేసిన పాత సంచి చంకలో పెట్టుకుని మైదానానికి వెళ్ళింది. స్తంభం మీది కొత్తదాన్ని దింపించింది. అధికారి ఎదుటే రెండింటినీ తడిపి, పక్కపక్కన కట్టించింది. ఒకే గాలి. పాతది నీళ్ళు చిమ్ముతూ లేచి, దారి చూపే చెయ్యిలా నిలబడింది. కొత్తది తల వంచుకుని స్తంభాన్ని అంటిపెట్టుకుంది.

అధికారి కొత్తదాని వైపు వేలు చూపించాడు. "ఇంత గట్టిగా ఎందుకు కుట్టావమ్మా?"

"చిరక్కూడదని సార్. చిరుగుతుందనే భయపడ్డాను గానీ, లేవదని తోచలేదు."

మరిది కల్పించుకున్నాడు. "లేస్తుందో లేదో చూడకుండా కట్టింది నేనే సార్."

మెడకు కట్టుతో చెయ్యి వేలాడదీసుకున్న కెప్టెన్ ముందుకొచ్చాడు. "నా తొందరా ఉంది పిన్నీ. ఒక్క చుట్టు తిరిగి చూసుంటే, గాలి ఎటో ఊగే గడ్డే చెప్పేది."

అధికారి ముగ్గురి మాటలూ రాసుకున్నాడు. కెప్టెన్ లైసెన్సు పోలేదు. కొన్నాళ్ళు మళ్ళీ శిష్యుడిలా కూర్చుని నేర్చుకోమన్నారు, అంతే.

వెళ్ళబోతున్న ఆవిడను కెప్టెన్ పిలిచాడు. "కొత్త సంచి నువ్వే కుట్టాలి పిన్నీ. పలచటి బట్ట, ఒక్కటే కుట్టు."

"ఒక్క కుట్టేస్తే నాకు నిద్ర పడుతుందా నాయనా?"

"నీకు నిద్ర పట్టకపోతేనే మేం క్షేమంగా దిగుతాం."

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి వచ్చిన గాలికి నారింజరంగు బట్ట మిషను మీద ఎగిరెగిరి పడుతోంది. మొదటి కుట్టు చివరిదాకా వచ్చింది. అలవాటుగా రెండోదానికి కాలు లేచింది. ఆవిడ దాన్ని ఆపుకుని, దారం పంటితో తెంపింది.

నాలుగు నెలలకు సంచి చిరిగింది. మరిది తెచ్చి మిషను పక్కన పెట్టాడు, ఈసారి ఏమీ అనలేదు. ఆవిడ చిరుగులో వేలు దూర్చి అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగా చిరిగింది" అంది, మెచ్చుకున్నట్టు.