“జీన్ బాగానే ఉందన్నారు కదండీ!”

2022 వర్షాకాలం. రాజమండ్రిలో నేను పనిచేసే ఆసుపత్రిలో పాథాలజీ ల్యాబు మెట్ల వెనక, ఓ మూలగా ఉంటుంది. పాథాలజిస్టు అంటే రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను పల్చగా కోయించి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసి జబ్బేంటో చెప్పే డాక్టరు. మా దగ్గరకు ముక్కలు వస్తాయి గానీ మనుషులు రారు. ఇన్నేళ్లలో నన్ను వెతుక్కుంటూ వచ్చిన రోగులు బహు తక్కువ. వాళ్లలో సుగుణ టీచరు ఒకరు.

ఆవిడది మొగల్తూరు దగ్గర పల్లె. హైస్కూల్లో తెలుగు చెబుతారు. నలభై దాటాయి. వాళ్లమ్మగారు కడుపులో క్యాన్సర్‌తో పోయారు. కొన్నేళ్లకు అన్నయ్య కూడా అదే జబ్బుతో పోయారు. ఇక మిగిలింది ఆవిడా, కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసే తమ్ముడు ప్రభాకరూ. తిన్నది అరగడం లేదని ఆవిడ ఎండోస్కోపీ చేయించుకున్నారు. నోటిగుండా సన్నటి కెమెరా గొట్టం పంపి కడుపు లోపలి గోడను చూసే పరీక్ష అది. అప్పుడు తీసిన ముక్కలు నా దగ్గరకు వచ్చాయి. క్యాన్సర్ లేదు. కానీ లోపలి పొర అక్కడక్కడ కడుపు పొరలా కాక పేగు పొరలా మారిపోయి ఉంది; ఏళ్లు గడిచాక కొందరిలో క్యాన్సర్‌కు దారితీయగల మార్పు అది. దాని చుట్టుపక్కల హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా గుంపులు కట్టి ఉంది.

మా గ్యాస్ట్రో డాక్టరు గారు జీన్ పరీక్ష కూడా చేయించారు. కొన్ని కుటుంబాల్లో ఒక జీన్ పుట్టుకతోనే దెబ్బతిని ఉంటుంది. అలాంటివాళ్లకు జబ్బు రాకముందే కడుపు తీయించుకోమని సలహా ఇస్తారు. సుగుణ గారి జీన్‌లో ఆ లోపం లేదని వచ్చింది. ఆవిడ స్థిమితపడతారనుకున్నాం. స్థిమితపడకపోగా, పరీక్షే తప్పనీ, తన కడుపు తీసేయాల్సిందేననీ పట్టుబట్టారు. డాక్టరు గారు నాకు ఫోన్ చేశారు. “నా మాట వినడం లేదండి. మీరు చూసిందేదో ఆవిడకీ చూపించండి.”

మా ల్యాబులో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడు చూడగలిగే మైక్రోస్కోపు ఉంది. ఆవిడ బెరుగ్గానే కన్ను ఆనించారు.

“ఇది నా కడుపేనాండీ?”

“మీదేనండీ.”

“ఇంత అందంగా ఉందేంటండీ!” అన్నారు. గులాబీ, ఊదా రంగుల్లో నిజంగానే అందంగా ఉంటుంది. మరుక్షణం గొంతు మారింది. “జీన్ బాగానే ఉందన్నారు కదండీ! మరి మా అమ్మకీ, అన్నయ్యకీ ఎందుకొచ్చింది?”

తెలుగు టీచరు కాబట్టి ఆవిడ పని భాషలోనే చెప్పడానికి ప్రయత్నించాను. “జీన్ అంటే ఒక పాఠం అనుకోండి. అందులో అక్షరం తప్పు పడితే అది పుట్టుకతో వచ్చిన లోపం. మీలో అది లేదు. కానీ అక్షరాలన్నీ సరిగ్గానే ఉండి, ఆ పేజీలు గమ్ముతో అంటుకుపోయాయనుకోండి. పాఠం ఉన్నా చదవలేం కదా. ఈ బ్యాక్టీరియా పురుగు ఏళ్ల తరబడి కడుపులో వాపు రేపితే జీన్ల మీద అలాంటి గమ్ము పేరుకుంటుంది. దాన్ని మిథైలేషన్ అంటాం. ఎపిజెనెటిక్ మార్పుల్లో అదొకటి. కణాన్ని అదుపులో ఉంచే జీన్లు మూతపడితే అది క్యాన్సర్ వైపు నడవొచ్చు. ఈ గమ్ము మైక్రోస్కోపులో కనబడదు. అది పుట్టించే పురుగు మాత్రం ఇదిగో, ఈ వంకర గీతలు.”

“గమ్ము వదులుతుందాండీ?”

“పురుగును చంపితే కొంత వదులుతుంది. అంతా వదలదు. అందుకే తర్వాత కూడా కెమెరాతో చూస్తూ ఉండాలి. అంతేగానీ ఇప్పుడు కడుపు తీసే పని లేదు.”

“ఇదెప్పుడు చేరిందంటారు?”

“ఎక్కువగా చిన్నతనంలోనేనండి. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి.”

ఆవిడ మైక్రోస్కోపు నుంచి తల ఎత్తారు. “మా ముగ్గురికీ అమ్మ ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టేదండి. ఆ చేత్తోనే ఇచ్చిందంటారా?” కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఎలా వచ్చిందో ఎవరూ తేల్చలేరండి. నీళ్లలోంచీ రావచ్చు. మీ అమ్మగారికీ చిన్నప్పుడు అలాగే వచ్చి ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.”

కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత అన్నారు, “అయితే మా ప్రభాకర్‌కీ ఉండొచ్చన్నమాట.”

ప్రభాకర్ పరీక్షకు రానన్నాడు. తనకు ఏ బాధా లేదన్నాడు. అమ్మకీ అన్నకీ రాసిపెట్టి ఉంది, తనకీ రాసి ఉంటే వస్తుంది అన్నాడు. దాంతో సుగుణ గారు పురుగును చంపడానికి డాక్టరు గారు తనకిచ్చిన మందుల కట్ట విప్పకుండా పక్కన పెట్టేశారు. “నువ్వొచ్చి గొట్టం వేయించుకునేదాకా నేను ఒక్క మాత్ర మింగను” అన్నారు. తమ్ముడు కొన్నాళ్లు బింకంగా ఉన్నాడు. చివరికి అక్కను తిడుతూనే ఆసుపత్రి మెట్లెక్కాడు.

అతని కడుపు కింది భాగంలో చిన్న మచ్చ. కొంచెం రంగు మారి, కాస్త గుంటపడినట్టు ఉందని గ్యాస్ట్రో డాక్టరు గారు అక్కడి నుంచి ముక్క తీశారు. స్లైడు పెట్టిన వెంటనే తెలిసిపోయింది. క్యాన్సరే. అయితే చాలా తొలిదశలో ఉన్నట్టుంది. మా సీనియర్‌కు కూడా చూపించి, ఖాయం చేసుకుని సంతకం పెట్టాను.

కబురు విని ప్రభాకర్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడట. “బాధ లేదు కదండీ, ఎలా ఉంటదండీ?” అని మళ్లీ మళ్లీ అడిగాడట. బాధ మొదలయ్యాక వచ్చి ఉంటే దారి వేరేగా ఉండేది. విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రికి పంపితే, పొట్ట కోయకుండా ఎండోస్కోపీ గొట్టంతోనే ఆ మచ్చను చుట్టూ పొరతో సహా తీసేశారు. అది పైపొర దాటలేదనీ, అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవనీ అక్కడి రిపోర్టు వచ్చింది. నేను దాన్ని రెండుసార్లు చదువుకున్నాను.

అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసే యాంటీబయాటిక్ కోర్సు వాడారు. పురుగు పోయిందని ఊపిరి పరీక్షతో నిర్ధారించాం. ఏటేటా ఎండోస్కోపీకి వస్తున్నారు. సుగుణ గారి కడుపులో వాపు తగ్గింది. మారిపోయిన పొర పూర్తిగా వెనక్కి రాలేదు గానీ పెరగనూ లేదు. ప్రభాకర్‌కు మళ్లీ మచ్చ కనబడలేదు. కిందటి సారి వచ్చినప్పుడు ల్యాబు గుమ్మంలో నిలబడి, “మా పెద్దమ్మాయికీ పరీక్ష చేయించానండి. పురుగుంది. డాక్టరు గారు మందులిచ్చారు, వాడేసింది” అని చెప్పాడు. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. ఆమె వయసులో సాధారణంగా కడుపు పొర ఇంకా మారి ఉండదని చెబితే అతని మొహం విప్పారింది.

ఒకే ఇంట్లో ఒకే జబ్బు వరసగా వస్తుంటే మేం కూడా ముందు రక్తాన్నే అనుమానిస్తాం. అది వంటింట్లోంచీ రావచ్చని ఈ కుటుంబం నాకు గట్టిగా నేర్పింది. ఇప్పుడు ఆ పురుగున్న కడుపు స్లైడు చూసినప్పుడల్లా గ్యాస్ట్రో డాక్టరు గారికి ఫోన్ చేసి ఒకే మాట అడుగుతున్నాను: “ఈ రోగితో కలిసి పెరిగినవాళ్లు ఇంకా ఎవరున్నారండీ?”