నలబై బీడీల సినిమా

2005లో డిగ్రీ పూర్తి కాగానే పుంగనూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఒక నెట్ సెంటర్లో ఆపరేటరుగా చేరాను. మాది మదనపల్లె. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. పాప పుట్టాక మానేశాను. ముప్పై దాటకుండా పదవీ విరమణ ఏమిటని నవ్వకండి, ఇక ఆ పనికి వెళ్లేది లేదు. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఆరు క్యాబిన్లు, ఒక ప్రింటరు, ఒక రిజిస్టరు. వచ్చినవాళ్ల పేరు, ఊరు, వచ్చిన సమయం రాసుకోవాలి. టైపింగ్ రానివాళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు కొట్టి, పంపే ముందు మొత్తం చదివి వినిపించాలి. నేను అక్షరాలు వినిపించేదాన్ని. చుక్కలు, నక్షత్రాల్లాంటి గుర్తులు వదిలేసేదాన్ని.

ఖాళీ దొరికినప్పుడు ఒక ఫోరం చదివేదాన్ని. ఫోరం అంటే ఒకే పిచ్చి ఉన్నవాళ్లు చేరి కబుర్లు రాసుకునే చోటు. ఇక్కడి పిచ్చి ఎవరికీ గుర్తులేని డబ్బింగ్ సినిమాలు: పాములు, దయ్యాలు, మాంత్రికులు, వాళ్లు పాడే పాటలు. చర్చంతా ఇంగ్లీషులో. ప్రతి అభిప్రాయానికీ ఐదింటిలో ఎన్ని నక్షత్రాలో ఇవ్వాలి. ఇవ్వకపోతే కంప్యూటరు తీసుకోదు.

రెడ్డెప్ప మామ పింఛను ఫారం టైపు చేయించుకోవడానికి వచ్చాడు. మాకు చుట్టమేం కాదు, పెద్దాయన కాబట్టి అలా పిలిచేదాన్ని. పుంగనూరులోనే ఒక హాల్లో ఇరవై ఏళ్లు ప్రొజెక్టరు ఆడించాడు. ఆ హాలు ఇప్పుడు టమోటా పెట్టెల గోడౌను. నా వెనక నిలబడి, ఒక పాము సినిమా గురించి కుప్పం నుంచి హరీష్ అనే అతను రాసింది తెలుగులో చదివించుకున్నాడు.

"ఇది రాసినోడు హాల్లో కూసున్నోడు కాదమ్మా. నా పేరు పెట్టి రాయి. పాము స్కూటరెక్కి పగ తీర్సుకుంటాది. నలబై బీడీలు. అంతే."

బీడీలేమిటని అడిగాను. అప్పట్లో హాల్లో పొగ తాగడం మామూలే. సెకండ్ షో నాలుగో రీలు దాటాక ఆయన ప్రొజెక్టరు గదిలోని కంతలోంచి కిందికి చూసి, చీకట్లో వెలిగే బీడీలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవాడు. పాట వస్తే పాటకు వేరే లెక్క. ఇక మాటలతో పనిలేదని ఆయన నమ్మకం.

మా నాన్న సంతోషం వస్తే బీడీ వెలిగిస్తాడు. నా డిగ్రీ రిజల్టు రోజున వరసగా మూడు కాల్చాడు. కాబట్టి నాకు అనుమానం రాలేదు. రిజిస్టరు వెనక ఒక పట్టిక గీసుకున్నాను. ఎనిమిది బీడీల లోపు ఒక నక్షత్రం, ముప్పై దాటితే ఐదు.

రెండు నెలల్లో ఫోరంలో ఆయన పేరు మోగిపోయింది. అందరూ మొక్కే సినిమాలకు ఒక్క నక్షత్రం, ఎవరూ సగం కూడా చూడలేని వాటికి ఐదు. ఇంత ధైర్యమైన అభిరుచి ఎక్కడా చూడలేదని రాశారు. గురువుగారని పిలిచారు. మామ మంగళవారం మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నోటుబుక్కుతో వచ్చేవాడు.

చివరికి హరీష్ వాళ్లు కుప్పంలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, మామ ఐదు నక్షత్రాలిచ్చిన మొదటి సినిమా వేస్తున్నామని, ఆయనే ముఖ్య అతిథి అని రాశారు. తోడుగా మా ఓనరు నన్ను పంపాడు.

పలమనేరు దాటాక మామ పాత కబుర్లలో పడ్డాడు. "మంచి సినిమా ఆడేటప్పుడు హాలు బాయి మాదిరి సీకటిగా ఉంటాదమ్మా. సేతిలో బీడీ ఉండాదనే మర్సిపోతారు. ఒక సినిమాకైతే ఒకే ఒక అగ్గిపుల్ల గీసినారు. అదీ సెప్పు ఎతుక్కోడానికి."

నేను గీసుకున్న పట్టిక తలకిందులని అప్పుడు తెలిసింది. బీడీలు ఎక్కువైనకొద్దీ నక్షత్రాలు ఎక్కువ వేశానని వి.కోట బస్టాండులో టీ తాగేటప్పుడు చెప్పేశాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అంటే ఆ పాముకి?"

"ఐదు, మామా."

"నాకే నిద్దరొచ్చి రీలు మార్సడం మర్సిపోయిన సినిమా అది." టీ డబ్బులు ఇద్దరివీ ఆయనే ఇచ్చాడు. తర్వాత అన్నాడు: "పుంగనూర్లో ఒక్కణ్ణి గూడా సెడ్డ సినిమాకి పంపలే నేను. ఇప్పుడు కుప్పాన్ని పంపిస్తివి గదమ్మా."

తిరుగు బస్సు ఎక్కేద్దామన్నాను. పిలిచినవాళ్లు కాచుకుని ఉంటారని ఆయన ఒప్పుకోలేదు.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. గోడ మీద పొగ తాగరాదని బోర్డు. మామ అది చూసి దిగాలుపడితే, విసుగు పుట్టినవాళ్లు ఇప్పుడు సెల్‌ఫోన్ తెరుస్తారు, దానికీ వెలుతురుంటుంది అని గుర్తుచేశాను. తల ఊపి, ముఖ్య అతిథి కుర్చీ వదిలేసి, వెనక బెంచీ ఎక్కి నిలబడ్డాడు.

పాము స్కూటరు వైపు చూసింది. హాలు నవ్వింది. పాము పెట్రోలు బంకులో వరసలో నిలబడింది. పక్కనున్నాయన నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడు. నాలుగో రీలు ఎప్పుడొస్తుందో మామకు కంఠతా వచ్చు. లెక్క మొదలుపెట్టాడు. ఎక్కడా వెలుతురు లేదు. ఒకే ఒక్కసారి ఒకటి వెలిగింది. అది నాది. ఆఖరి బస్సు తప్పిపోతుందని టైం చూసుకున్నాను.

మాట్లాడమంటే మామ మైకు దూరంగా పట్టుకుని చెప్పాడు. "ఈ సినిమా బాగలేదు. అప్పుడూ బాగలే, ఇప్పుడూ బాగలే. ఈ పొద్దు లెక్క మాత్రం ఒకే ఒకటి వచ్చినాది. లెక్క ప్రకారం బాగుండాది. నాకైతే అర్థం కాలే." చప్పట్లు ఆగలేదు.

మరుసటి మంగళవారం ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని నక్షత్రాలన్నీ తిరగేశాను, ఒక్కొక్కటీ చదివి వినిపిస్తూ. పాము సినిమా ఒక్కటి మార్చనివ్వలేదు. కొత్త లెక్క కొత్తదే అన్నాడు. గురువుగారి పాస్‌వర్డు ఎవరో దొంగిలించారని హరీష్ ఫోరంలో గోల పెట్టాడు. అతనికి నచ్చజెప్పడానికి రెండు వారాలు పట్టింది.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటే. ఎవరైనా కొలత చెబితే, అది ఎక్కువైతే మంచిదా, తక్కువైతే మంచిదా అని ముందు అడగాలి. మొన్న పాప రక్తపరీక్ష కాగితం మీద పదకొండు అంకెలున్నాయి. ఆరో అంకె దగ్గర డాక్టరుగారు విసుగ్గా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పదకొండింటికీ అడిగే లేచాను.