మా నాన్న కెప్టెన్‌గిరీ

మాది పుదుచ్చేరిలోని కోసపాళయం. మా నాన్న విశాఖలో నౌకాదళం డాక్‌యార్డులో పనిచేసేవారు. చిన్నప్పటి నుంచీ నేనాయన్ని మా వీధిలో యుద్ధనౌక కెప్టెన్‌ని చేసేశాను. ఆయన కన్నెర్ర చేస్తే సముద్రం రెండు మైళ్లు వెనక్కి పోయేదని కూడా చెప్పాను.

పోయినేడు నాన్న పోయారు. పదో రోజున, ఆయనతో పనిచేసిన సింహాచలం గారు విశాఖ నుంచి వచ్చారు. పక్కింటి రంగన్న ఉత్సాహంగా, "ఏంది సామీ, మీరూ ఈయన నాయన మాదిరి కెప్టెనేనా?" అనడిగాడు.

"కెప్టెనేటి బాబూ! డ్రై డాక్‌లో నీళ్లు తోడేశాక, ఓడ కింద వెల్లకిలా పడుకుని, అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకేవోళ్లం. ముప్పై ఏళ్లు!"

లక్షమంది, సరే, నలభై మంది నావైపు తిరిగారు. నాకు సిగ్గూ రాలేదు, ఏడుపూ రాలేదు. చేతిలో కాఫీ చల్లారడం మాత్రం తెలుస్తోంది.

సింహాచలం గారు నా భుజం మీద చెయ్యేశారు. "ఆడికి తెలుసు బాబూ. 'నా కొడుకు నన్ను కెప్టెన్ని చేసీసినాడ్రా' అని డాకంతా చెప్పుకుని మురిసిపోయీవోడు."

ఇప్పుడెవరడిగినా, "మా నాన్న ఓడల అడుగు గీకేవారు" అని ఒక్క ముక్కే చెబుతున్నాను. దానికి కలపడానికి నాకేమీ తోచడం లేదు.