గంజి ఎవరి పేరు మీద పోయాలి

అందరూ బాగున్నారా? మోకాళ్ళ నొప్పులున్న అక్కలు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా? సుగరు మాత్ర వేసుకునే అన్నలు కడుపులో ఏమైనా పడ్డాకే వేసుకుంటున్నారా? పిల్లలకు దగ్గు తగ్గిందా? బండి మీద పనికి పోయేవాళ్ళు చేరగానే ఇంటికి ఒక మాట ఫోన్ చేస్తున్నారా? ఇట్లా అడుగుతుంటే మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. నేను అడగని రోజే మా పక్కింటి ఆపా పోయింది.

హోసూరులో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. తెల్లవారి నమాజు చదివి కాసేపు ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదు. కబురు వచ్చినప్పుడు నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. తాలింపు వేసి, మూత పెట్టి, పొయ్యి ఆర్పి, ఆర్పానో లేదో అని మళ్ళీ చూసి, అప్పుడు పోయాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. చెవిలో నీళ్ళు పోయినట్టుంది. మనుషులు మాట్లాడుతుంటే ఎక్కడో దూరంగా వినబడుతుంది.

ఆపా అంటే వాళ్ళలో అక్క. జాకెట్లు కుట్టేది. భర్త చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. క్రిష్ణగిరిలో ఒక తమ్ముడున్నా, ఆమె లోకమంతా పోయిన అమ్మా నాన్నలే. అమ్మీ, అబ్బా అనేది. వాళ్ళు పక్క గదిలో ఉన్నట్టే మాట్లాడేది. అబ్బా జూజువాడిలో లారీలవాళ్ళకు టీ అమ్మేవాడట. అందుకని శుక్రవారం వస్తే ఆపా ఎవరో ఒకరికి టీ, బన్నూ ఇప్పించేది. అమ్మీకి మెత్తటి చీరలంటే ఇష్టమట. ఏడాదికొకసారి ఒక ముసలామెకు మెత్తటి చీర ఇచ్చేది. ఒకసారి నేను కొంగు దగ్గర కాస్త చినిగిన చీర తెచ్చి, దీన్ని కూడా ఇచ్చెయ్యి ఆపా అన్నాను.

"వద్దమ్మా. చినిగింది ఇస్తే మా అమ్మీకి చినిగిందే చేరుతుంది. ఆడ కుట్టుమిషను ఉందో లేదో" అంది.

ఇచ్చేటప్పుడు తల పక్కకు తిప్పుకునేది. ఎందుకట్లా అని అడిగాను. "మొహం చూసి ఇస్తే రేపు బజార్లో ఎదురుపడినప్పుడు వాళ్ళకు సిగ్గు కదా" అంది.

మా అమ్మా నాన్నలకు మహాలయ అమావాస్య నాడు మా తమ్ముడు తర్పణం చేసేవాడు. ఒక ఏడు వాడికి ఒంట్లో బాగాలేక చేయలేకపోయాడు. వాళ్ళు ఆకలితో ఉన్నారేమో అని నాకు అన్నం సయించలేదు. ఆపా గోడ మీదుగా చూసి గద్దించింది.

"నువ్వు కూతురివి కాదా ఏమి? మా దాంట్లో కూతురు చేతులెత్తినా చాలు. పో, ఎవరికైనా ఇంత అన్నం పెట్టి, మా అమ్మకు నాయనకు అనుకో. తమ్ముడు లేచినాక వాడి పని వాడు చేసుకుంటాడు."

ఆ రోజు రాయకోట రోడ్డులో ఇటుకలు మోసే ఆడమనిషికి పెరుగన్నం పెట్టి వచ్చాను. వచ్చాకే నేను తిన్నాను.

ఆమెకున్న భయం ఒక్కటే. "మనిషి పోతే చేసేదంతా ఆడికి నిలిచిపోతుందమ్మా. బిడ్డ చేసే దువా ఒక్కటే ఆగదు. అమ్మీ, అబ్బాకు నేనున్నాను. నా వెనక నాకెవరు? తమ్ముడు మంచాన పడ్డాడు, వాళ్ళకు మాత్రం ఎవరు?" అనేది. దువా అంటే చేతులెత్తి దేవుణ్ణి వేడుకోవడం. నేను ఏదో ఒకటి చెప్పి మాట మార్చేదాన్ని.

ఆపా పోయిన మూడో రోజు నాకు ఏం చేయాలో తోచక, గోడ మీద ఇంత అన్నం పెట్టి "కా, కా" అని పిలిచాను. క్రిష్ణగిరి నుంచి వచ్చిన ఆమె తమ్ముడి కూతురు చూసింది.

"ఏం పెద్దమ్మా, మా అత్త కాకై వస్తుందా?" అంది. నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను ఆ అన్నం తీసెయ్యాలో ఉంచాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

ప్రతి రంజాన్‌లోనూ ఒక రోజు మసీదులో ఉపవాసం విడిచేటప్పుడు పోసే గంజికి ఆపా బియ్యం, పెసరపప్పు ఇచ్చేది, అమ్మీ అబ్బా పేరు మీద. సాయంత్రం ఆ గంజికి మేమంతా గిన్నెలు పట్టుకుని పోయేవాళ్ళం. ఈసారి ఆ రోజు ఖాళీగా పోతుంది. అదే నా గుండెలో పడింది. నేనే ఇస్తాను అంటే కోడలు, "అత్తా, బొట్టు పెట్టుకుని మసీదుకాడికి పోతే ఏమనుకుంటారో" అంది. నాకూ అదే దిగులు. అయినా పోయాను. గేటు బయటే నిలబడ్డాను. నమాజు చదివించే పెద్దాయన, వాళ్ళు హజ్రత్ అంటారు, ఆయనే బయటికి వచ్చాడు.

"మీవాళ్ళం కాము కదా సామీ, తీసుకుంటారా?" అన్నాను.

"తాగేటప్పుడు ఎవరని అడగలేదు కదమ్మా, ఇచ్చేటప్పుడు అడుగుతామా?"

"నేనిస్తే ఆమెకు చేరుతుందా?"

"చేరేది చేరనిది అల్లా చేతిలో ఉందమ్మా. అది నేను చెప్పలేను. ఆ పొద్దు ఆడ కూర్చున్నోళ్ళంతా ఆమెకోసం, ఆమె అమ్మా నాయనకోసం చేతులెత్తుతారు. అది నేను చేయిస్తాను. వాళ్ళ పేర్లు చెప్పు."

ఆపా పేరు చెప్పాను. అబ్బా టీలో ఎంత బెల్లం వేసేవాడో నాకు తెలుసు. అమ్మీ ఏ చెవికి వినబడక తల వంచేదో తెలుసు. పేర్లు తెలియవు. ఇన్నేళ్ళలో అడగాలని తోచలేదు.

"ఏం పర్వాలేదు, అల్లాకు తెలుసు" అన్నాడాయన.

అల్లాకు తెలుసు. నాకు తెలియాలి కదా.

ఆపా ఆధార్ కార్డులో భర్త పేరే ఉంది. తమ్ముడి కూతురికి ఫోన్ చేశాను. "నాకు తాతను దాదా, నాయనమ్మను దాదీ అనడమే తెలుసు పెద్దమ్మా. మా నాయనకు తెలుసు. మంచం మీదున్నాడు, ఫోన్లో వినబడదు. మీరే వచ్చి చెవికాడ అడగండి" అంది. ఆ పేర్లు తెలిసిన మనిషి ఇప్పుడు ఆయన ఒక్కడే. ఆయనకు రాత్రుళ్ళు ఆయాసమట. అది విన్నప్పటి నుంచి నాకు కాలూ చేయీ ఆడటం లేదు. వచ్చే నెల పోదువులే అంటాడు మా అబ్బాయి. వచ్చే నెల దాకా ఎవరు చూశారు?

ఈ గురువారం పొద్దున మొదటి బస్సుకు క్రిష్ణగిరి పోతున్నాను.