రజియా ఆపా నింపిన చెరువు

ఎండాకాలం మధ్యాహ్నం కూలరుకు అమర్చిన వట్టివేళ్ల తడక మీద చెంబెడు నీళ్లు చల్లితే ఒక వాసన లేస్తుంది. వానకు దూరపు చుట్టంలాంటి వాసన. అది ముక్కుకు తగలగానే మక్తల్ బజారులోని ఈ ఇరుకు గది నాకు కాసేపు గదిలా ఉండదు. కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని, చేతిలో చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కంప్యూటరు తెరతో తగువు పడుతున్న రజియా ఆపా కనిపిస్తుంది. ఆమె పోయి ఏడాది దాటింది. తడక ఆరేదాకా ఉండి వెళ్తుంది. ఆ కాసేపు నేను ఏ పనీ పెట్టుకోను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. వయసులో మా అమ్మకన్నా పెద్దదే అయినా బజారంతటికీ ఆమె ఆపాయే. భర్త నడిపిన ఫోటో స్టూడియోను ఆయన పోయాక తానే నడిపింది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఫోటోలకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పాస్‌పోర్టు ఫోటోలతో, జిరాక్సులతో ఈడ్చుకొస్తూ ఉండగా, ఫోనులో ఒక పేజీ పెట్టి జనం మెచ్చే వీడియోలు వేస్తే ప్రకటనల డబ్బులో మనకూ కొంత వస్తుందని ఎవరో చెప్పారు. బొమ్మలు మనం గీయక్కర్లేదు, ఏం కావాలో రాస్తే ఏఐ గీసిస్తుందని కూడా చెప్పారు. ఆపా ఆ రోజే షట్టరు మీద "కంప్యూటర్ వచ్చినోళ్లు కావలె" అని కాగితం అంటించింది. డిగ్రీ చేతపట్టుకుని పని కోసం తిరుగుతున్న నేను ఆ కాగితం చూసి లోపలికి వచ్చాను.

"ఈ మిషన్‌కు తెలుగు సగమే వస్తది, నాకు ఇంగ్లీషు సగం గూడ రాదు. నువ్వు మా ఇద్దరి నడుమ కూసో బిడ్డా" అంది. అదే నా ఉద్యోగం.

మొదటి రోజు గొర్రెల కాపరి బొమ్మ అడిగాం. నీలి కళ్ల దొర ఒకడు పొడుగు కోటు వేసుకుని, మంచు కొండల ముందు, దూది ఉండల్లాంటి గొర్రెలతో నిలబడ్డాడు. నేను కురుమోళ్ల ఇంటి పిల్లను, మా బాపు జీవితమంతా గొర్రెల వెంటే తిరిగాడు. పడీ పడీ నవ్వాను. ఆపా మాత్రం నవ్వలేదు. "మన గొర్రెలు గిట్ల ఉంటయా? నల్లగుండాలె, చెవులు కిందికి వాలాలె. చెప్పు దానికి" అంది. చెప్పాను. ఈసారి గొర్రె నల్లగానే వచ్చింది కానీ అయిదు కాళ్లతో వచ్చింది. "ఒక కాలు కొసరేసిండు, మంచోడే" అని అప్పుడు నవ్వింది. పెళ్లి జంటలను కెమెరా ముందు నిలబెట్టి సవరించినట్టే ఆమె ఆ మిషన్‌తో మాట్లాడేది. గడ్డం జర ఎత్తమనేది, వెలుతురు ఇటు రావాలనేది, "బాగ చేసినవ్ నాయినా" అని తెరను మెచ్చుకునేది. నేను ఆ మాటలను ఇంగ్లీషులోకి మార్చి కొట్టేదాన్ని. మెచ్చుకోలు కూడా మార్చి కొట్టమనేది.

బొమ్మ కుదిరాక ఆపా తన గొంతుతో ఒక ముచ్చట చెప్పేది. చిన్నప్పటి మోట బావి, సీతాఫలాల గుట్ట, వాళ్ల అమ్మ రొట్టె చేసే చప్పుడు, ఏదైనా సరే. బజారు హారన్ల మోతను ఇంకో ఏఐ సాధనం గొంతులోంచి తీసేసేది, మరొకటి బొమ్మలో చెట్లను గాలికి కదిలించి, చప్పుడు కూడా కలిపేది. నెలలు గడిచేకొద్దీ చూసే జనం పెరిగారు. బ్యాంకులో మొదటిసారి డబ్బు పడ్డ రోజు ఆపా నాకు మిరపకాయ బజ్జీలు తెప్పించి, తాను తినడం మరిచిపోయి, ఫోనులో వచ్చిన ఆ మెసేజీనే చూస్తూ కూర్చుంది.

అన్నిటికన్నా ఎక్కువ నడిచినవి నీళ్ల బొమ్మలు. నిండిన వాగు, బావి గట్టు, వానలో తడుస్తున్న జొన్న చేను. మాది మబ్బుల కోసం మెడలు నొప్పి పుట్టేలా చూసే నేల కదా. పుణెలో కట్టుబడి పనికి పోయిన ఒకామె, రేకుల గుడిసెలో ఆ వాగు చప్పుడు పెట్టి బిడ్డను నిద్రపుచ్చుతున్నానని రాసింది. ఆపా దాన్ని నాతో రెండోసారి చదివించుకుంది. "జనం మన మీద నమ్మకంతోని చూస్తుండ్రు సుజాతా. ఆ నమ్మకం పోతే ఈ దుకాణం బంద్" అంది. నిజమే. ఆమె తిండీ నా జీతమూ ఆ పేజీ మీదే ఆధారపడ్డాయి.

తర్వాతి ఎండాకాలం బోర్లు కూడా ఎండిపోయాయి. ఒక పొద్దున ఆపా బురఖా కూడా విప్పకుండా పరుగులాంటి నడకతో వచ్చింది. "కలల మా అమ్మగారి ఊరి చెరువు నిండింది బిడ్డా! అలుగు దుంకుతాంది. మా అమ్మ కట్ట మీద కూసోని కాళ్లు నీళ్లల్ల పెట్టింది. మర్చిపోకముందే తియ్యి" అంది. ఆమె చెబుతూ ఉంది, నేను కొడుతూ ఉన్నాను. మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది. నిండు చెరువు, పసుపు పూల తుమ్మలు, నీటి అంచుదాకా పచ్చగడ్డి, గడ్డిలో కొంగలు. ఒక్క వేలు ఎక్కువ లేదు, ఒక్క కాలు కొసరు లేదు. వాళ్ల అమ్మ వెనకనుంచి కనిపిస్తోంది. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ముచ్చట చెప్పలేదు. ఊరి పేరు తానే రాసి, కింద "చెరువు నిండింది, అలుగు దుంకుతాంది, వచ్చి చూడుండ్రి" అని కూడా తానే రాసింది. ఆమెకు ఆ కల ఇంకా తడి ఆరలేదు. నాకూ ఆ బొమ్మ ముందు ఇంకేమీ తోచలేదు. పేజీ మొదలుపెట్టినప్పటినుంచీ ఏ బొమ్మా అంత దూరం పోలేదు.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఎండలు ముదరగానే మా వైపు గొర్రెల మందలు మేతకు ఊళ్లు దాటి పోతాయి. మంద కదిలేముందు ఒక మనిషి ముందుగా పోయి గడ్డీ నీళ్లూ కళ్లారా చూసి రావాలి. అతడు వచ్చి చెప్పేదాకా మంద లేవదు. మా బాపు ఎన్నో ఏళ్లు ఆ పని చేశాడు. ఎంత అలసిపోయినా సగం దారిలో ఎవరినో అడిగి వెనక్కి వచ్చేవాడు కాదు.

ఆ బొమ్మ పెట్టిన కొద్ది రోజులకు బీరయ్య అనే ముసలాయన స్టూడియోకు వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో ఫోను, ఫోనులో మా చెరువు.

"గిది పెట్టింది మీరేనా అమ్మా?"

మెచ్చుకోవడానికి వచ్చాడనుకుని ఆపా కుర్చీ జరిపింది. "అవ్ పెద్దాయనా, కూసో, చాయ్ తెప్పిస్త."

ఆయన కూర్చోలేదు. "మందను తోలుకపోయిన. ఆడ నీళ్లు లేవు."

ఆపా ముఖంలో రంగు దిగిపోయింది. "అది... అది నా కల పెద్దాయనా. మిషన్‌ల చేయించిన."

ఆయన ఫోనును చూశాడు, ఆమెను చూశాడు. గొంతులో కోపం లేదు, ఉంటే మాకు కొంచెం తేలిగ్గా ఉండేది. "గడ్డి కండ్లకు కనవడ్డది గదమ్మా, కొంగలు గూడ ఉన్నయి. చూసినం గద అని మనిషిని ముందల పంపలే. సూడి గొర్రెలు లేస్తలేవు."

కడుపుతో ఉన్న గొర్రె దప్పికతో పడిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నాకు తోచింది ఒక్కటే. "ముందు పోస్టు తీసేద్దాం ఆపా" అన్నాను.

"తీసేస్తే? చూసి తొవ్వల వడ్డోళ్లకు ఎవరు చెప్తరు?" అని ఆపా లేచి చెప్పులు వేసుకుంది.

ముగ్గురం ఆటోలో పోయాం. చెరువు నెర్రెలు విచ్చి ఉంది. తుమ్మల కింది పలుచని నీడలో గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి, నిలబడలేనివి పడుకున్నాయి. బీరయ్య భార్య తడిగుడ్డతో గొర్రెపిల్లల మూతులు తుడుస్తోంది. ఒక పిల్ల అప్పటికే పోయింది. ఆపా దాని పక్కన నేల మీద కూర్చుని, ఫోను నా చేతికిచ్చి లైవ్ పెట్టమంది. నిజం చెబితే పేజీ ఏమవుతుందో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. కొంగు సరిచేసుకుని ఫోనులోకి సూటిగా చూసింది.

"నేను రజియాను. మొన్న మీకు చూపించిన చెరువు గిదే. చుక్క నీళ్లు లేవు. అది నాకు వడ్డ కల. కల అని రాయలే, తప్పు నాదే. ఈడికి ఎవ్వరు మందలు తోలుకరాకుండ్రి. దగ్గరల బోరు నడుస్తున్నోళ్లు, ట్యాంకర్ ఉన్నోళ్లు ఉంటే జర రండి. గొర్రెలు వడిపోతున్నయి."

పొద్దు వాలుతుండగా పక్క ఊరి రైతు ఒకాయన ట్రాక్టరు మీద డ్రమ్ముల్లో నీళ్లు పట్టుకొచ్చాడు. నీళ్లు పోయకముందే, వాసనకే, పడుకున్న గొర్రెలు కొన్ని మోకాళ్ల మీద లేచాయి. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. చాలావరకు బతికాయి. కొన్ని పిల్లలు బతకలేదు. ఆపా బీరయ్య ముందు చేతులు జోడించింది. ఆయన గొంగడి దులుపుకుంటూ, "చెరువు నిండినట్టు మాకు గూడ కలలు వడుతయమ్మా. లేచినంక కల వడ్డదనే చెప్పుకుంటం" అన్నాడు. ఆ మాటకు ఆపా చాలా రోజులు నిద్రపోలేదు.

జనం ఊరుకోలేదు. అబద్ధాలకోరు అన్నారు, పైసల కోసం గొర్రెలను చంపింది అన్నారు, పేజీని వదిలి పోయారు. రాబడి పడిపోయింది. నేను వేరే పని వెతుక్కోవాలేమో అనుకుంటూ ఉన్నాను. ఒక రోజు ఆపా అటక మీదినుంచి దుమ్ము పట్టిన చుట్ట ఒకటి దించి గోడకు వేలాడదీసింది. భర్త కాలంనాటి ఫోటో పర్దా. నీలి సరస్సు, హంసలు, ఒక పడవ. ఈ చుట్టుపక్కల పల్లెల కొత్త జంటలన్నీ ఒకప్పుడు ఆ సరస్సు ముందు నిలబడ్డవాళ్లే.

"గిన్నేండ్లల్ల ఒక్కరన్న గీ నీళ్లకు బిందె పట్టుకొచ్చిండ్రా?" అని అడిగింది. "ఎందుకు రాలే? అంచు కానొస్తది గనుక. చినిగిన బట్ట, పైన కట్టె, కింద మా దుకాణం బండలు, అన్నీ కానొస్తయి. మురిసిపోయేటోడు మురిసిపోతడు, మోసపోడు. నేను అంచు లేని పర్దా కట్టిన బిడ్డా."

ఆ పర్దా కింది అంచును ఫోటో తీయించింది. ఆనాటినుంచి ఏఐతో చేసిన ప్రతి బొమ్మకూ అడుగున ఆ చినిగిన బట్ట అంచు ఉండి తీరాలి, మొదటి మాటగా "గిది పర్దా" అని ఆమె చెప్పాలి. అంచు వేస్తే జనం చూడరని ఫోనులో ఎవరెవరో సలహాలిచ్చారు. "చూడకపోతే చూడకపోనీ" అనేది. ఇక పర్దా లేని రోజులు కూడా పెట్టింది. నా స్కూటీ వెనక కూర్చుని ఏదో ఒక చెరువు దాకా వచ్చి, నీళ్లు ఉంటే ఉన్నంత, లేకుంటే లేనట్టు చూపించేది. కన్నడ వైపు కాపరులకు అర్థమయ్యేలా ఆ మాటలను ఏఐతోనే కన్నడంలోకి మార్పించేది. మెల్లగా మందల వాళ్లు ఫోన్లు చేయసాగారు. పేజీ మునుపటంత పెద్దది ఎప్పుడూ కాలేదు. దుకాణం కిరాయికీ మా ఇద్దరి బతుకుకూ సరిపోయింది. ఆ రోజుల్లో ఆపా ముఖం ఎంత తేటగా ఉండేదో చెప్పలేను.

పోయిన చలికాలానికి ముందటి చలికాలంలో జ్వరమని మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతే తిరిగి రాలేదు. వాళ్ల తమ్ముడు దుకాణం తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వే నడుపమ్మా, ఇంకెవరికి ఎరుక?" అన్నాడు. నడుపుతున్నాను. పాత వీడియోల కింద జనం ఇప్పటికీ రాస్తుంటారు, ఆపా గొంతు మళ్లీ వినిపించండి అని. ఇప్పుడది కష్టం కూడా కాదు. పాత రికార్డింగులు కాసిన్ని ఇస్తే, మనం రాసింది అదే గొంతుతో చదివే సాధనాలు వచ్చాయి.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆ పని చేశాను. ఒక చిన్న మాట రాసి మీట నొక్కాను. "సుజాతా, చాయ్ తాగినవా బిడ్డా?" అంది గొంతు. ఆమె గొంతే. మాటకు ముందు ఆ చిన్న దగ్గు, "బిడ్డా" దగ్గర ఆ సాగదీత. "తాగిన ఆపా" అనేశాను. అన్నాక గానీ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నానని గుర్తుకు రాలేదు. బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

అది పేజీలో పెడితే జనం విరగబడి చూస్తారని తెలుసు. బొమ్మకైతే అడుగున అంచు కడతాను. గొంతుకు అంచు ఎక్కడ కట్టాలో నాకు తెలియలేదు. ముందుగా ఇది ఆపా కాదని చెప్పవచ్చు. కానీ రాసిందీ నేనే, మీట నొక్కిందీ నేనే, అయినా పిలవగానే పలికాను. పుణెలో రేకుల గుడిసెలో వినే ఆమె పలకదా? దాన్ని పెట్టలేదు. తీసేయడానికీ చేయి రాలేదు, ఈ కంప్యూటరులోనే ఎక్కడో ఉంది.

మర్నాడు స్కూటీ తీసుకుని ఒక్కదాన్నే చెరువు దాకా పోయాను. వచ్చి, ఏ సాధనంతోనూ నున్నగా చేయని నా బొంగురు గొంతుతోనే చెప్పాను: "నేను సుజాతను. పెద్దచెరువుల మోకాళ్ల లోతు నీళ్లున్నయి, గడ్డి పలుచగుంది. చిన్న మందలైతే రావొచ్చు. పొద్దున నేనే పోయి చూసొచ్చిన."