ప్లస్ ముందుకా, వెనక్కా

2011లో మాదాపూర్‌లోని ఒక కార్ల డిజైన్ కార్యాలయంలో నన్ను డ్రైవర్ సౌకర్య విభాగానికి లీడ్ ఇంజినీరుగా వేశారు. సీట్లో కూర్చున్న మనిషి చెయ్యి, కాలు, కన్ను దేనికోసం ఎంత దూరం వెళ్లాలో తేల్చడం మా పని. కంపెనీ విదేశీయులది, మాది హైదరాబాదు శాఖ. నా పైన మేనేజరు సుబ్బరాజుగారు, భీమవరం వారు. నా కింద సీనియర్ ఇంజినీరు యాదగిరి, సిద్దిపేటవాడు. యాదగిరి పోయిన ఏడాది చనిపోయాడు. ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాడు అతడే.

ఆ సెప్టెంబరులో మాకు వచ్చిన ప్రశ్న చిన్నది. ఆటోమేటిక్ కారులో గేర్లు వాటంతటవే మారతాయి. అయినా ఘాట్ రోడ్డులోనో, లారీని దాటాల్సి వచ్చినప్పుడో డ్రైవరు తానే మార్చుకోవడానికి గేర్ రాడ్ పక్కన ఒక గాడి ఉంటుంది. రాడ్‌ను ఒకవైపు కదిపితే గేరు పెరుగుతుంది, అక్కడ ప్లస్ గుర్తు. రెండోవైపు మైనస్. ప్లస్ ముందుండాలా, వెనకుండాలా అన్నదానిపై కార్ల కంపెనీలకే ఏకాభిప్రాయం లేదు.

సుబ్బరాజుగారిది ముందు. పెరగడమంటే ముందుకు పోవడమేనని ఆయన వాదన. యాదగిరిది వెనక. కారు ఊపందుకుంటే ఒళ్లు సీటుకు ఆనుతుంది, అప్పుడు లాగడం తేలిక. బ్రేకు వేస్తే ఒళ్లు ముందుకు తూలుతుంది, అప్పుడు తోయడం తేలిక. ఇద్దరిదీ సబబుగానే ఉంది కాబట్టి ఉద్యోగులను అడిగి తేల్చుదామనుకున్నాం.

అప్పుడు తెలంగాణ కోసం జేఏసీ పిలుపిచ్చిన సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. కొండాపూర్, మదీనాగూడ వాళ్లు ఒకే కారులో ఇరుక్కుని వచ్చేవారు. భీమవరం ఆయన ముందుకంటున్నారని, సిద్దిపేట ఆయన వెనక్కంటున్నాడని క్యాంటీన్‌లో తెలియడానికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత ఎవరూ తమ చేతిని సంప్రదించలేదు. కోస్తావాళ్లు ముందుకన్నారు, తెలంగాణవాళ్లు వెనక్కన్నారు. పుట్టి బుద్ధెరిగి స్టీరింగ్ ముట్టనివాళ్లు కూడా గట్టి అభిప్రాయాలే ఇచ్చారు. నాది కడప. “మీ కడపోల్లు రాడ్‌ను నడిమిట్ల పట్టుకొని కూసోండ్రి మేడం,” అన్నాడు యాదగిరి.

ఫలితాలు పంపాం. ప్రధాన కార్యాలయం నుంచి మర్యాదగా ఒక ప్రశ్న వచ్చింది: మీ దగ్గర మనిషి చెయ్యి పుట్టిన జిల్లాను బట్టి కదులుతుందా? దాని కిందే ఇంకో వాక్యం. వారంలోగా నమ్మదగిన నివేదిక రాకపోతే ఈ పనిని, దానితోపాటు మా విభాగాన్ని పుణెకు మారుస్తారట. బందుల వల్ల వాళ్లకు మా మీద అప్పటికే అనుమానం. యాదగిరి భార్య బాచుపల్లిలో టీచరు. పుణె అంటే అతడు ఉద్యోగం వదులుకోవడమే.

అయినా నన్నే ఓదార్చాడు. “పరేషాన్ గాకుండ్రి మేడం. మనుషులను అడుగుడు బంద్ జేద్దాం. చేతులను అడుగుదాం.”

మా దగ్గర ఒక టెస్ట్ రిగ్ ఉండేది. నిజమైన సీటు, స్టీరింగ్, పెడళ్లు, ఎదురుగా రోడ్డు కనిపించే తెర. యాదగిరి రాడ్ మీది ప్లస్, మైనస్ గుర్తులు తీసేశాడు. తెర మీద ‘గేరు పెంచండి’ అని వచ్చినప్పుడు మనిషి మొదటిసారి రాడ్‌ను ఎటు కదిపితే అతడికి ఇక అటే ప్లస్ అయ్యేలా ప్రోగ్రాం మార్చాడు. ఎవరు కూర్చున్నా వాళ్ల మాటే నెగ్గినట్టుంటుంది. చేతుల మీద కెమెరా ఉంటుందని అందరికీ చెప్పాం. ప్రోగ్రాం సంగతి చెప్పలేదు. మా రంగంలో అది పద్ధతే, పరీక్ష అయ్యాక చెబుతారు.

సుబ్బరాజుగారు చెమటలు పట్టేలా తెర మీది లారీలను తప్పించి, దిగారు. “చూశారా యాదగిరిగారూ, ప్లస్ ముందుకు పెట్టేసరికి ఎంత హాయిగా ఉందో,” అన్నారు.

“మంచిగున్నది సార్,” అన్నాడు యాదగిరి. నేను కింద పడిన స్క్రూ ఏదో వెతుకుతున్నట్టు బల్లకింద తల దూర్చాను.

సాయంత్రం ఆయనకు వీడియో చూపించాం. ఆయన చెయ్యి మొదటినుంచీ రాడ్‌ను వెనక్కే లాగుతోంది. ఆయన సంతకం లేనిదే నివేదిక కదలదు. వీడియో మళ్లీ వేయమన్నారు. యాదగిరి గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

“నా చెయ్యి ఎప్పుడో మీ జేఏసీలో చేరిపోయిందండీ,” అన్నారు చివరికి. “నాకో మాటైనా చెప్పలేదు.”

యాదగిరి నవ్వు ఆపుకోలేకపోయాడు. అప్పుడు నేను రెండో వీడియో వేశాను. ముందురోజు ప్రోగ్రాం సరిచూసుకోవడానికి అతడే రిగ్‌లో కూర్చున్నప్పటిది. రేపు కారు ఎవరిది, ఎవరెక్కడ ఎక్కుతారని స్పీకరులో పెట్టిన ఫోన్‌తో వాదిస్తున్నాడు. కెమెరా నడుస్తోందన్న ధ్యాస లేదు. గేరు పెంచిన ప్రతిసారీ అతడి చెయ్యి ముందుకే తోసింది.

“గిదేంది మేడం,” అని అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “దీనికి భీమవరంల చుట్టాలెవరన్న ఉన్నరా?”

“ఉంటే కబురు చేస్తానండి, రొయ్యల వేపుడు పెడతారు,” అంటూ సుబ్బరాజుగారు సంతకం చేశారు.

మిగతా చేతులూ జిల్లాలను లెక్కచేయలేదు. ఎక్కువ మంది వెనక్కి లాగారు, మేమూ అదే సిఫారసు చేశాం. విభాగం మాదాపూర్‌లోనే ఉండిపోయింది. తీరా కారు బయటికొచ్చేనాటికి పైవాళ్లు మనసు మార్చుకుని ఆ గాడినే తీసేసి, గేర్లు మార్చడానికి స్టీరింగ్ వెనక రెండు మీటలు పెట్టారు.

ఇష్టమేదని అడిగితే మనిషి తన పక్షమేదో చెబుతాడు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ పరీక్షలోనూ నేను ఆ ప్రశ్న ముందు అడగలేదు. పనంతా అయ్యాక, వీడియో భద్రపరిచాక అడిగేదాన్ని.