కాలువలో లేని పెంకులు

పన్నెండేళ్లుగా ఒక సిమెంటు పూలకుండీ నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చదివే తల్లీ, నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకో.

మాది కంకిపాడు దగ్గర కాలువగట్టు మీద ఇల్లు. పాత ఇళ్లు పడగొట్టే చోటికల్లా వెళ్లి, అడిగి తెచ్చుకున్న కుండీలు నా దగ్గర పదకొండున్నాయి. వెనకటి తాపీ మేస్త్రులు పచ్చి సిమెంటు మీద పగిలిన సాసర్లు, గాజు ముక్కలు అద్ది చేసినవి. పారేసే పెంకుతో అంత అందం! నాకు అదే పిచ్చి.

పన్నెండోది అడిగి తెచ్చుకున్నది కాదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వెనక వీధి మరియమ్మ ఇల్లు పోయింది. కొడుకుతో మైలవరం వెళ్లిపోతూ, చనిపోయిన భర్త చేసిన కుండీని మా పెరట్లో దింపించింది. "ఇల్లు కుదిరాక పట్టుకెళ్తానండీ. మీ దగ్గరైతే భద్రం" అంది. నీలం పువ్వుల సాసరు ముక్కలు, మధ్యమధ్య ఎర్ర గాజులు. అటువంటిది నా పదకొండింటిలో లేదు. ఏడాది పాటు రోజూ నీళ్లు పోస్తూ పోస్తూ, అది నాదేననుకున్నాను.

ఆమె వచ్చింది. ఎండాకాలం, నీళ్లు ఆపేసి కాలువ కట్టేసిన రోజులు. గేటు దగ్గరే ఆపేశాను.

"ఇటుకల లారీ వెనక్కొచ్చి గుద్దేసింది మరియమ్మా. ముక్కలు కాలువలో పారేయించాను."

ఆమె ఏడవలేదు. "ఎక్కడండీ?" అంది.

"అదిగో, రేవు పక్కన."

చెప్పులు గట్టు మీద విడిచి, చీర ఎగ్గట్టి, అడుగున మిగిలిన బురదలోకి దిగింది. కాలువలో ఊరందరి పెంకులూ ఉంటాయి. ఒక్కొక్కటే ఏరి, కొంగుతో తుడిచి, పైకెత్తి నాకు చూపించింది.

"ఇది దానిదేనా అమ్మగారూ?"

"ఏమో. అయుండొచ్చు."

"పోనీ ఇదండీ?"

"అదీ కావచ్చు. ఎండ మాడిపోతోంది, పైకి రా. పగిలిన కుండీకి ఇంత ఆరాటమేంటి?"

"కుండీకి కాదండీ. దాని అంచు మీద మా పాప సుగుణ వేలి గుంట ఉందండీ. వాళ్ల నాన్న పక్కన కూచుని పెంకులన్నీ అదే అద్దింది. ఆ నెల్లోనే జ్వరమొచ్చి పోయింది. ఒక్క ఫోటో కూడా తీయించలేదండీ."

అప్పుడైనా నోరు విప్పొచ్చు. కుండీ మా స్నానాలగది వెనకే ఉంది. ఎందుకు విప్పలేదు? అబద్ధమాడితే మనవలకు అన్నం పెట్టని మనిషిని, ఊళ్లో అందరి తప్పులూ ఎంచే మనిషిని, మరియమ్మ ముందు అబద్ధాలకోరుగా నిలబడలేక ఆమెను ఆ బురదలోనే ఉంచాను. ఎప్పుడు వెళ్లిపోతుందా అని కూడా చూశాను. అదీ రాయాలి.

కొంగు నిండా పెంకులు మూటగట్టుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లింది.

ఈమధ్య ఆమె పోయిందని తెలిసి మైలవరం వెళ్లాను. తల్లి కోరిందని, కొడుకు సమాధి మీద సిలువ చుట్టూ ఆ పెంకులే అద్దించాడు. "మా చెల్లి ముట్టుకున్నవండీ" అని చూపించాడు. ఎవరింటి ఎంగిలి సాసర్లో అవి. నేను తలూపాను. మళ్లీ అబద్ధమే కదా?

ఆ కుండీని ఎప్పుడో గోడవైపు తిప్పేశాను. అయినా నీళ్లు పోసేటప్పుడు చెయ్యి అంచు మీదికే పోతుంది. ఆ గుంటలో నా చిటికెన వేలు కూడా పట్టదు. అంత చిన్న వేలు.

తీసుకెళ్లి కొడుక్కి ఇస్తే, మరి తల్లి సమాధి మీదున్నవి ఏమిటని అడుగుతాడు. ఏం చెప్పను? ఇవ్వకుండా ఎలా చావను? తెలియదు. క్షమించమని నిన్ను అడగడం లేదు తల్లీ, అది నీ చేతిలో లేదు. ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లలో పైకి అనలేదు. ఇప్పుడు రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

కుండీ పగల్లేదు, మరియమ్మా.